తెలియని తిమ్మిరి, తెలియని రుచి

పంచేంద్రియములు మానవునకు కావలివారి వంటివి. కన్ను చెడినను, చెవి చెడినను ఆ సంగతి ఇంటిల్లిపాదికిని వెంటనే తెలియును. గ్రుడ్డివానికి దారి విడిచెదరు. చెవిటివానితో బిగ్గరగా మాటలాడెదరు. కాని పాదమునకు స్పర్శ తప్పినను, నాలుకకు రుచి తప్పినను ఆ లోపము పైకి కనబడదు. బాధపడువాడు చెప్పుకొన్నను ప్రక్కవారు నమ్మరు. కొంతకాలమునకు అతడు చెప్పుకొనుటయే మానివేయును. మన గ్రామములలో ఇట్టివారు కొందరు కలరు. వారికొరకును, వారి ఇంటివారికొరకును ఈ నాలుగు మాటలు వ్రాయబడుచున్నవి.

ఒక రైతు కథ

ప్రచార విధులపై కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు వెళ్లినపుడు పంచాయతి అరుగుమీద ఒక రైతుతో మాటలాడుట తటస్థించినది. ఆయన వయస్సు ఏబది అయిదేండ్లు. మూడెకరముల మాగాణి స్వయముగా సాగుచేసికొనుచున్నాడు. మొదట కాలివ్రేళ్లు తిమ్మిరెక్కినవట. చీమలు ప్రాకినట్లుండెడిదట. పిమ్మట ఆ తిమ్మిరి పాదమంతయు వ్యాపించి అట్లే నిలిచిపోయినది. ఒక ఏడాది గడచునప్పటికి అన్నము చప్పగా తోచసాగినది.

“కూరలో ఉప్పు వెయ్యడం కోడలు మరిచిపోతోందనుకున్నానండీ. రోజూ విస్తరి దగ్గర కేకలేసేవాణ్ణి. పాపం, ఆ పిల్ల ఉప్పు పెంచుకుంటూ పోయింది. ఇంట్లో అందరూ నీళ్లు తాగలేక చచ్చేవాళ్లు. మరిచిపోయింది కోడలు కాదండీ, నా నాలుక” అని ఆయన చెప్పెను.

ఈ సంగతి బయటపడుటకు ఒక ముల్లు కారణమైనది. నాట్ల కాలమున గట్టుమీది తుమ్మముల్లు మడమలో విరిగినది. ఆయనకు తెలియలేదు. నాలుగు దినములు బురదలో తిరిగెను. అయిదవ దినమున వసారాలో నెత్తుటి అడుగులు చూచి మనుమరాలు కేక వేసినది. పుండు మానుటకు రెండు మాసములు పట్టినది. ఆసుపత్రిలో రక్తము, మూత్రము పరీక్షించిరి. మధుమేహము లేదు. కుష్ఠు మచ్చ లేదు. విటమిను కొరత లేదు. నరములు మందగించిన మాట నిజమే కాని, ఏల మందగించినవో చెప్పలేకపోయిరి. ఊరిలో కొందరు చేతబడి అన్నారు. మరికొందరు పని ఎగగొట్టుటకు నటన అన్నారు. ఈ రెండవ మాటయే తన్ను ఎక్కువ బాధించినదని ఆయన చెప్పెను.

ఆ రైతు అడిగిన ప్రశ్నలు రెండు. ఒకటి: ఇట్లు ఏల జరుగును? రెండు: కారణము తెలియనప్పుడు ఎట్లు బ్రతుకవలెను? ఈ రెండు ప్రశ్నలకును వరుసగా సమాధానము చెప్పుకొందము.

స్పర్శ ఎట్లు తెలియుచున్నది?

చర్మము క్రింద సన్నని నరముల కొనలు కలవు. వేడి, చలి, నొప్పి, ఒత్తిడి అను వార్తలను అవి గ్రహించి వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును చేరవేయును. టెలిఫోను తీగ ఎంత పొడవుగా నున్నచో అది చెడుటకు అంత అవకాశము కలదు గదా! వెన్నునుండి కాలివ్రేలి వరకు పోవు నరము సుమారు ఒక మీటరు పొడవుండును. శరీరమున అన్నిటికంటె పొడవైనది అదియే. కనుక నరములన్నిటికిని హాని చేయు వ్యాధి ఏదైనను తొలుత కాలివ్రేళ్లయందు కనబడును. తిమ్మిరి మేజోడు తొడిగినట్లు పైకి ప్రాకును. మోకాలి సమీపమునకు వచ్చునప్పటికి చేతివ్రేళ్లలోను ఆరంభమగును.

చెడిన నరము తిరిగి పెరుగుట సాధ్యమే. కాని దినమునకు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. అందుచేతనే చికిత్స ఆరంభించిన వెంటనే గుణము కనబడలేదని నిరాశ చెందరాదు.

రుచి ఎట్లు తెలియుచున్నది?

మన పెద్దలు షడ్రుచులు చెప్పిరి. ఉగాది పచ్చడిలో ఆరింటిని కలిపి ఆరగించుట మన ఆచారము. ఇందులో తీపి, పులుపు, ఉప్పు, చేదు అను నాలుగింటిని నాలుకమీది రుచి మొగ్గలు గ్రహించును. మాంసపు పులుసునందును, బాగుగా పండిన టమాటాయందును ఉండు కమ్మదనమును నేటి శాస్త్రజ్ఞులు అయిదవ రుచిగా పరిగణించుచున్నారు. కారము, వగరు అనునవి శాస్త్రరీత్యా రుచులు కావు. కారము మంటను తెలియజేయు నరములవలనను, వగరు ముఖ్యముగా నోటిలోని స్పర్శవలనను తెలియును. రుచి పోయినవానికి కూడ మిరపకాయ మండుటకు కారణమిదియే. ఏమియు తెలియనప్పుడు కారమైనను తెలియుచున్నదని అతడు మిరపపొడి పెంచుకొనుచు పోవును. కడుపు చెడగొట్టుకొనును.

రుచి మొగ్గలలోని కణములు సుమారు పది దినములకొకసారి రాలి క్రొత్తవి పుట్టుచుండును. నాలుక ముందు భాగపు రుచిని ముఖనరము యొక్క శాఖ ఒకటి మెదడునకు చేర్చును. ఈ శాఖ చెవి లోపలి గది గుండ పోవును. కనుక చెవిలో చీము పట్టినను, చెవికి శస్త్రచికిత్స జరిగినను నాలుకలో ఒక ప్రక్క రుచి తగ్గవచ్చును. నాలుక వెనుక భాగమునకు వేరొక నరము కలదు.

ఇక్కడ ఒక రహస్యమున్నది. మనము రుచి అనుకొనుదానిలో అధిక భాగము వాసనయే. జలుబు చేసినపుడు అన్నము సహింపకపోవుట అందరికిని అనుభవమే. నాలుక చెడినదో, ముక్కు చెడినదో తెలిసికొనుటకు ఇంటనే ఒక పరీక్ష చేయవచ్చును. కన్నులు మూసికొని ముక్కు గట్టిగా పట్టుకొని బెల్లపు ముక్క ఒకటి నమలవలెను. తీపి తెలిసినచో నాలుక బాగుగా నున్నట్లే. పిమ్మట ముక్కు విడిచి ఏలకి గింజ నమలవలెను. ఘాటు మాత్రమే తెలిసి ఏలకి పరిమళము తెలియనిచో లోపము ముక్కునందున్నది.

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు అసంఖ్యాకులకు వాసనయు, రుచియు ఒక్క పూటలో మాయమైనవి. వారిలో హెచ్చుమందికి కొన్ని వారములలోనో, మాసములలోనో తిరిగి వచ్చినవి. కొద్దిమందికి మాత్రము పూర్తిగా రాలేదు. రుచి పోవుట కల్పన కాదని లోకమునకు తెలిసినది అప్పుడే.

తెలిసిన కారణములు

తిమ్మిరి అనగానే నరముల బలహీనత అని అంగడిలో ఇంజెక్షను కొని పొడిపించుకొనుట మనలో అలవాటు. ఇది తప్పు. కారణము కనుగొనవలెను. ముఖ్య కారణములు ఇవి:

మధుమేహము. నేడు తిమ్మిరికి ప్రథమ కారణమిది. రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగా నుండినచో నరములు క్రమముగా చెడును. నోరు ఎండి రుచియు తగ్గును. చెప్పు జారిపోయినను తెలియక నడచిపోవు మధుమేహ రోగులు కలరు.

కుష్ఠువ్యాధి. చర్మముపై పాలిపోయిన మచ్చయో, ఎర్రని మచ్చయో ఏర్పడి అచ్చట స్పర్శ లేనిచో వెంటనే చూపించుకొనవలెను. ఈ వ్యాధి క్రిమిని 1873లో నార్వే దేశీయుడగు హాన్సెన్ కనుగొనెను. క్రిమి ప్రవేశించిన తరువాత వ్యాధి బయటపడుటకు సగటున అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది ఏండ్లు పట్టును. బహుళ ఔషధ చికిత్స 1980వ దశకమున ప్రవేశపెట్టబడినది. ఇది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. వ్యాధి తీవ్రతనుబట్టి ఆరు మాసములు గాని, పండ్రెండు మాసములు గాని మందు వాడినచో వ్యాధి పూర్తిగా నయమగును. జాతీయస్థాయిలో 2005 డిసెంబరు నాటికి రోగుల సంఖ్య పదివేల జనాభాకు ఒకటికంటె తగ్గినది. అయినను వ్యాధి అంతరింపలేదు. క్రొత్త రోగులు నేటికిని బయటపడుచున్నారు. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో చట్టమునుండి తొలగించిరి. కనుక భయమునకును, సిగ్గునకును తావు లేదు.

బి-12 విటమిను కొరత. ఇది తిమ్మిరిని, నాలుక బాధను రెండింటిని ఒక్కసారిగా కలిగింపగలదు. నాలుక ఎర్రబడి నున్నగా మారి మండును, రుచి తగ్గును, కాళ్లు తిమ్మిరెక్కును, చీకటిలో నడక తడబడును. ఈ విటమిను పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలో మాత్రమే లభించును. కాయగూరలలోను, ధాన్యములలోను లేదు. పాలు కూడ త్రాగని శాకాహారులు, వృద్ధులు, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ బిళ్లలను ఏండ్ల తరబడి వాడువారు దీనిని గమనింపవలెను. సకాలమున గుర్తించినచో మందుతో గుణమగును. ఆలస్యమైనచో కొంత నష్టము శాశ్వతముగా నిలిచిపోవును.

ఇతర కారణములు. మద్యపానము, థైరాయిడ్ గ్రంథి లోపము, మూత్రపిండముల వ్యాధి, వెన్నుపూసల ఒత్తిడి, కొన్ని పురుగుమందుల విషము తిమ్మిరిని కలిగించును. క్షయకు వాడు ఐసోనియాజిడ్ అను మందు బి-6 విటమినును తగ్గించి తిమ్మిరి తెచ్చును. అందుచేతనే డాక్టర్లు దానితోపాటు బి-6 బిళ్ల ఇచ్చుచుందురు. విచిత్రమేమన, బలమునకని అదే బి-6ను మితిమీరి మ్రింగినను నరములు చెడును. పొగాకు, పుచ్చిన పళ్లు, నోటి పూత, రక్తపోటునకు వాడు కొన్ని మందులు రుచిని తగ్గించును. పాదరసము, సీసము, పాషాణము కలిసిన నాటు భస్మములు ఎవరెవరో అమ్మినవి తినరాదు.

డాక్టరు ఇచ్చిన మందు కారణమని అనుమానము కలిగినను తమంతట తాము మానివేయరాదు. ఆసుపత్రికి వెళ్లునపుడు ఇంట వాడు మందులన్నిటిని, పసరులను సహితము ఒక సంచిలో వేసికొని వెళ్లి చూపవలెను.

ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు

ఈ సందర్భమున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపవలెను. స్ప్రూ అను గ్రహణి వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆయనను సహితము పీడించినది. ఆ వ్యాధిలో ప్రేగులు పోషక పదార్థములను గ్రహింపజాలవు. రక్తము క్షీణించును, నాలుక పుండుపడును. ఆయన 1923లో అమెరికాకు వెళ్లెను. ఆయన నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమువారు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అంతకు పూర్వమే బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు మిల్లు కూలీలగు గర్భవతుల రక్తహీనత ఈస్టు సారముతో కుదురుట చూచి 1931లో ప్రకటించెను. ఆ సారములో నున్న శక్తి ఫోలిక్ ఆమ్లమే అని పిమ్మట తేలినది. బి-12 విటమిను 1948లో వేరుచేయబడినది.

ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కలదు. బి-12 కొరత గలవానికి ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము వృద్ధిచెందును గాని నరములు చెడుట ఆగదు. ముఖమునకు కళ వచ్చినదని సంతోషించుచుండగా కాలు మొద్దుబారుచుండును. కనుకనే అంగడివాని సలహాపై బిళ్లలు కొనక, పరీక్ష చేయించుకొనవలెనని చెప్పుట.

ఆలస్యము చేయరాని లక్షణములు

నిదానముగా వచ్చు తిమ్మిరికి రెండు మూడు దినముల వ్యవధి కలదు. కాని ఈ క్రింది వానికి లేదు:

ఒకే ప్రక్క చేయి, కాలు, ముఖము హఠాత్తుగా మొద్దుబారినను, మూతి వంకర పోయినను, మాట ముద్దపడినను అది పక్షవాతము కావచ్చును. వెంటనే 108కి ఫోను చేయవలెను. మెదడులో రక్తము గడ్డకట్టినదైనచో గడ్డను కరిగించు మందు నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలసియుండును. ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. పసరు పట్టింపబోయి ఆ సమయమును పోగొట్టుకొనరాదు.

కాళ్లలో ఆరంభమైన తిమ్మిరి, బలహీనత కొద్ది దినములలోనే పైకి ప్రాకుచు నడక కష్టమైనచో అది ఊపిరికి ముప్పు తేగల నరముల వ్యాధి కావచ్చును. పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను.

నడుమునొప్పితో బాటు తొడలసందున స్పర్శ పోయి, మలమూత్రములపై స్వాధీనము తప్పినచో అదియు అత్యవసరమే.

కారణము తెలియనప్పుడు

అన్ని పరీక్షలు జరిగిన పిమ్మట కూడ, నరముల వ్యాధి గలవారిలో సుమారు నాలుగింట ఒక వంతు మందికి కారణము దొరకదు. ఇది వైద్యుల అసమర్థత కాదు. రోగి నటనయు కాదు. శాస్త్రము ఇంకను చేరని చోటు అది. ఇందులో రెండు మంచి మాటలు కలవు. ఇట్టి తిమ్మిరి సాధారణముగా మిక్కిలి నిదానముగా పెరుగును. పెక్కుమంది నడకను కోల్పోకయే జీవితము గడుపుదురు. నేడు కనబడని కారణము రేపు కనబడవచ్చును. కనుక ఏడాదికొకసారి పరీక్షలు తిరిగి చేయించుకొనవలెను. మంటగాని, పోటుగాని ఉన్నచో తగ్గించుటకు మందులు కలవు. అవి స్పర్శను తిరిగి తేలేవు గాని నిద్ర పట్టించును.

కారణము తెలియకపోయినను చేయవలసిన పని తెలియును. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు దీనిని లోకమునకు నిరూపించెను. కుష్ఠు రోగుల వ్రేళ్లు తమంతట తామే కుళ్లి రాలిపోవునని అంతవరకు అందరు అనుకొనిరి. అట్లు కాదనియు, నొప్పి తెలియకపోవుటచే జరుగు కాలుళ్లు, కోతలు, ఒత్తిళ్లే ఆ నష్టమునకు మూలమనియు ఆయన కనుగొనెను. రాత్రివేళ ఎలుకలు వ్రేళ్లు కొరికినను మేల్కొనని రోగులుండిరి. వారికి పిల్లులను పెంచుకొనుడని ఇచ్చిరి. మెత్తని అట్టలు గల చెప్పులు తయారుచేయించిరి. పుండ్లు తగ్గిపోయినవి. తిమ్మిరి ఏ కారణమున వచ్చినను ఈ సూత్రము ఒక్కటే: స్పర్శ చేయవలసిన కావలిని కన్ను చేయవలెను.

పాదరక్షణ

కాలి స్పర్శను ఇంటివారే పరీక్షింపవచ్చును. రోగి కన్నులు మూసికొనవలెను. మరియొకరు రెండు పాదముల బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను ఒక్కొక్కదానిని వ్రేలితో మెల్లగా ఒకటి రెండు సెకండ్లు తాకవలెను. నొక్కరాదు, రుద్దరాదు. ఆరింటిలో రెండు గాని, అంతకంటె ఎక్కువ గాని తెలియనిచో ఆ పాదములకు ముప్పున్నదని గ్రహించి డాక్టరుకు చూపవలెను. అట్టి పాదములు గలవారు పాటింపవలసిన నియమములివి:

1. ప్రతి రాత్రి పడుకొనబోవుముందు పాదములు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు వెలుతురులో చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము క్రింద పెట్టుకొని చూచుకొనవచ్చును. లేదా ఇంటివారు చూడవలెను.

2. ఇంటిలోపల సహితము చెప్పులు లేక నడువరాదు. తొడుగుకొనుటకు ముందు చెప్పు దులిపి చేతితో తడిమి చూడవలెను. చేయి కూడ మొద్దుబారినచో కంటితో చూడవలెను.

3. స్నానపు నీళ్ల వేడిని పాదముతో చూడరాదు. మోచేతితో గాని, ఇంకొకరి చేత గాని చూపించవలెను. చలికాలమున కుంపటి దగ్గర కాళ్లు చాపరాదు. మోటారు సైకిలు పొగగొట్టము తగులకుండ చూచుకొనవలెను.

4. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు; జీడిరసము పెట్టరాదు. గోళ్లు తిన్నగా కత్తిరింపవలెను. చర్మము పగులకుండ నూనె రాయవచ్చును గాని వ్రేళ్ల సందులలో రాయరాదు.

5. మడిలో దిగునపుడు కాలికి రక్షణ ఉండవలెను. గడప, మెట్లు, దొడ్డి దారిలో రాత్రివేళ దీపముండవలెను. స్పర్శ లేని కాలికి చీకటిలో నేల తెలియదు.

6. పుండు నొప్పి లేదని నిర్లక్ష్యము చేయరాదు. నొప్పి లేని పుండే ప్రమాదకరము. ఎర్రదనము, వాపు, వేడి కనబడిన దినమే ఆసుపత్రికి వెళ్లవలెను.

7. దినమును కొంతసేపు మంచి చెప్పులతో నడువవలెను. పొగాకు మానవలెను, అది కాళ్లకు రక్తప్రసారమును తగ్గించును.

రుచి లేని భోజనము

రుచి తెలియనివాడు రెండు విధముల చెడును: తినుట మానివేసి చిక్కిపోవును, లేదా ఉప్పు, పంచదార మితిమీరి వేసికొనును. పెద్దవారికి దినమునకు ఉప్పు అయిదు గ్రాములకు, అనగా ఒక టీ చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, వడియములలోని ఉప్పు కూడ ఈ లెక్కలోనిదే. కనుక ఉప్పు వేయుట నాలుక మీద ఆధారపడరాదు. చెంచా కొలత మీద ఆధారపడవలెను. ఇంటిలో రుచి తెలిసిన ఒకరే ఆ బాధ్యత వహింపవలెను.

రుచి పోయినను భోజనములో మిగిలిన సుఖములు కలవు. కరకరలాడు వేపుడు, చల్లని పెరుగు, వేడి చారు, నిమ్మరసము, కొత్తిమీర, ఇంగువ తాళింపు. వీనిలో ఏదో ఒకటి తెలియును. వేళకు కొద్దికొద్దిగా తినవలెను. నెలకొకసారి బరువు చూచుకొనవలెను. తిన్న తరువాత పళ్లు తోముకొని, నాలుక గీసికొని నోరు శుభ్రముగా ఉంచుకొనవలెను.

వాసన పోయినవారు అదనముగా జాగ్రత్త పడవలెను. పాచిన కూర, విరుగుడు పాలు వారికి తెలియవు. కాగపెట్టిన వేళను గుర్తుంచుకొని పారవేయవలెను. గ్యాసు కారుచున్నను తెలియదు. పని ముగిసిన వెంటనే రెగ్యులేటరు కట్టివేయవలెను. కోవిడ్ వంటి వ్యాధుల తరువాత వాసన తగ్గినవారు గులాబి, నిమ్మ, లవంగము, నీలగిరి తైలము అను నాలుగింటిని ఉదయము, సాయంకాలము శ్రద్ధగా ఆఘ్రాణించుచు కొన్ని మాసములు అభ్యాసము చేసినచో కొందరికి గుణము కనబడినది. ఖర్చు లేని ఈ అభ్యాసమును ప్రయత్నింపవచ్చును.

ఇంటివారి కర్తవ్యము

కనబడని వ్యాధికి సగము మందు నమ్మకము. “నీకేమయినది, రాయివలె ఉన్నావు” అను మాట ముల్లుకంటె లోతుగా గ్రుచ్చుకొనును. కాలికి తెలియని నొప్పి మనస్సునకు తెలియును. ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది ఇండ్లకు వచ్చినపుడు జ్వరము, దగ్గులతోపాటు ఈ విషయమును కూడ చెప్పవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తములో చక్కెర, మచ్చలు పరీక్షింపించుకొని, అవసరమైనచో జిల్లా ఆసుపత్రికి వ్రాయించుకొనవలెను. మంత్రగానికి ఇచ్చు సొమ్ము బస్సు చార్జీకి సరిపోవును.

ఆ రైతును మరల ఈ ఏడాది ఉగాది తరువాత చూచుట జరిగినది. తిమ్మిరి పోలేదు, రుచి రాలేదు. కాని గుమ్మమునకు ప్రక్కన రెండు జతల చెప్పులున్నవి: ఒకటి పొలమునకు, ఒకటి ఇంటికి. వంటింటిలో ఉప్పు డబ్బాలో కొలత చెంచా ఉన్నది. రాత్రి భోజనమైన పిమ్మట మనుమరాలు టార్చిలైటు తెచ్చి తాతగారి పాదములు చూచి “బాగున్నాయి తాతయ్యా” అని చెప్పిన గాని ఆయన మంచమెక్కడు. పండుగనాడు పచ్చడి నోట పెట్టుకొని, కోడలిని పిలిచి, “ఎలా ఉందమ్మా?” అని అడిగెనట. ఆమె “అన్నీ సమంగా కుదిరాయి మామయ్యగారూ” అన్నదట. ఆయన మారు వడ్డించుకొనెను.

ముల్లు దిగి రెండేండ్లు గడచినవి. ఆ పాదముపై మరల పుండు పడలేదు. వ్యాధికి పేరు పెట్టలేకపోయినను దానిని అదుపులో ఉంచుట ఒక కుటుంబమునకు సాధ్యమైనది. ప్రతి కుటుంబమునకును ఇది సాధ్యమే. పాఠకులు ఈ రాత్రియే తమ ఇంటిలోని పెద్దల పాదములను ఒక్కసారి దీపపు వెలుగులో చూడగలరని ఆశించుచున్నాము.